ఎర్ర లైటు ఆపొద్దన్నారు

సర్వీసు బల్ల ముందు కూర్చునే ఎవరినైనా అడగండి, చేతికొచ్చిన సామానులో ఏ తేడా ఉన్నా మొదట చేసే పని ఒకటే. ఆపేసి మళ్లీ వేస్తాం. సగం జబ్బులు దాంతోనే పోతాయి, మిగతా సగం ఎక్కడున్నాయో కాస్త తెలుస్తుంది. నా దగ్గర పని నేర్చుకున్న పిల్లలందరికీ నేను చెప్పిన మొదటి పాఠం కూడా ఇదే. అయితే నా సర్వీసు మొత్తంలో ఒక్కసారి మాత్రం ఆపడానికి వీల్లేని పెట్టె ముందు కూర్చోవలసి వచ్చింది. ఆపితే అందులో ఉన్న మనిషి గొంతు పోతుంది. ఆపకుండా వింటూ కూర్చున్నా పోతుంది. దయ్యాలంటే భయం ఉన్నవాళ్లు దీన్ని పగటిపూట చదువుకోండి. నాకు జరిగింది కూడా పగటిపూటే, దానివల్ల పెద్దగా ఉపకారం జరగలేదు.

నేను హోసూరులోనే పుట్టి పెరిగాను. మా నాన్నకు బజారులో కిరాణా అంగడి ఉండేది. ఐటీఐ చేసి, ఫ్యాక్టరీలో సర్క్యూట్ బోర్డులకు టంకం పెట్టే లైన్లో చేరాను. ఆ లైను మూసేశాక సంగీత వాయిద్యాలు అమ్మే ఒక కొట్టులో రిపేరు బల్ల దగ్గరికి వచ్చి, అక్కడే జుట్టు నెరిపించుకున్నాను. పెళ్లి ఆర్కెస్ట్రాల వాళ్లు, చర్చి వాళ్లు, భజన గుంపుల వాళ్లు అందరూ మా గిరాకీలే. ఆడమనిషి టంకం పెడుతుంటే చూసి మొదట్లో కొందరు "సార్ లేరా అమ్మా?" అని అడిగేవాళ్లు. "ఉండాడు, ఇంట్లో అన్నం వండుతా ఉండాడు" అనేదాన్ని. అది అబద్ధం కూడా కాదు.

నా పక్క బల్ల అతను కోస్తా నుంచి ఉద్యోగానికని వచ్చినవాడు. ఫ్యాక్టరీ షిఫ్టులు ఒంటికి పడక మా దగ్గర చేరాడు. కంప్యూటరుతో చేసే పనంతా అతనిది, చేతిపని నాది. నా మాట వింటే అతనికి నవ్వు, అతని అండీలు వింటే నాకు నవ్వు. నాకో అలవాటు ఉందని కనిపెట్టి ఎగతాళి చేసింది కూడా అతనే. ఎవరు ఏం చెబుతున్నా నేను పని చేసుకుంటూనే "ఊఁ, ఊఁ" అంటుంటాను. "మేడం గారూ, మీకు కథ చెబితే తెల్లారిపోద్దండి, మీరు మాత్రం ఊఁ కొట్టడం ఆపరు" అనేవాడు.

ఇక ఆ పెట్టె సంగతి. అది ఒక శాంప్లర్. శబ్దాన్ని పట్టుకుని, అడిగినన్నిసార్లు తిప్పి తిప్పి వినిపించే వాయిద్యం. దాన్ని మా దగ్గర సెకండ్ హ్యాండులో కొన్నాయన వేప్పనపల్లి అవతల ఒక పల్లె నుంచి వచ్చిన పంబ వాయిద్యగాడు. చంకలో జంట డోళ్లు, భుజం మీద తువ్వాలు. కొట్టులో గిటార్ల మధ్య కాళ్లు ముడుచుకుని నేల మీదే కూర్చున్నాడు.

"మా వాళ్లంతా కంపెనీ బస్సు ఎక్కేసినారమ్మా" అన్నాడు. "ఉడుక్క పట్టేవాడు లేడు, తాళం ఏసేవాడు లేడు. నేను ఒకడినే మిగిలినాను. ఈ పెట్టె ఉంటే నలుగురం ఉన్నట్లే అని ఎవరో చెప్పినారు. నిజమేనా?"

నిజమేనని చూపించాను. ముందు తాళం వేయించి పట్టాను. అది తిరుగుతుండగా దాని మీద ఉడుక్క, చేతిలో ఇమిడే చిన్న డోలు, వాయించమన్నాను. ఆ రెండూ తిరుగుతుండగా పంబ. తాను వాయించింది తనకే ఎదురు వచ్చేసరికి ఆయన చెయ్యి ఆపి, వెనక్కి తిరిగి చూశాడు. అలా చూసిన గిరాకీ నాకు అంతవరకు తగల్లేదు, తర్వాతా తగల్లేదు. అందరూ పెట్టె వైపు చూస్తారు. ఆయన మాత్రం తన వెనకాల మనుషులు నిలబడ్డారేమోనని చూశాడు.

తెలియనివాళ్లకు రెండు ముక్కలు చెప్పాలి. ఆ పెట్టె పట్టుకున్న శబ్దం మొదట బఫర్ అనే చోట ఉంటుంది. అది పలక లాంటిది, కరెంటు ఉన్నంతసేపే దాని మీద రాత నిలుస్తుంది. నిలవాలంటే లోపలున్న కార్డులోకి ఎక్కించాలి. రెండోది ఓవర్‌డబ్. ఎర్ర లైటు వెలుగుతున్నప్పుడు పాత శబ్దం మోగుతూనే ఉంటుంది, మైకుకు వినిపించే కొత్త శబ్దం దాని మీద చేరుతుంది. చేరిన ప్రతిసారీ పాతది పిసరంత తగ్గుతుంది. ఈ రెండూ ఆయనకు చెప్పాను. ఆయన తన పద్ధతిలో అర్థం చేసుకున్నాడు. "ఎర్ర దీపం ఎలిగినంత సేపు నా పాట దీంట్లో ప్రాణంతో ఉంటాది, అంతే కదమ్మా" అన్నాడు. పూర్తిగా తప్పు కాదు కాబట్టి నేను సరిదిద్దలేదు.

ఆ తర్వాత ఒకరోజు ఫోన్ చేశాడు. కార్డులోకి ఎక్కడం లేదు, ఏదో తప్పని చూపిస్తోంది అన్నాడు. కార్డు చెడిపోయి ఉంటుంది, కొత్తది ఇస్తాం రమ్మన్నాం. వస్తానన్నాడు. రాలేదు.

కొన్ని రోజుల తర్వాత ఆయన కూతురు ఫోన్ చేసింది. హోసూరులోనే ఫోన్లు బిగించే ఫ్యాక్టరీలో పని చేస్తూ హాస్టల్లో ఉంటుందట. ఇప్పుడు ఊళ్లో ఉంది. మా కోస్తా అతను ఫోన్ ఎత్తి, స్పీకర్లో పెట్టి, మా రెండు బల్లల మధ్య ఉంచాడు.

"మా నాయన పోయినాడమ్మా" అంది. "పాట ఎక్కిచ్చిన మరసటి దినమే. గుండె పట్టుకుని కూలబడిపోయినాడు."

నేను చేతిలోని టంకం కడ్డీ పక్కన పెట్టాను.

అసలు ఎక్కించిన పాట ఏమిటో ఆ పిల్లే చెప్పింది. వాళ్ల ఊళ్లో మారెమ్మ పండగ రోజు మామిడితోటలోని బావి దగ్గర అమ్మవారిని కరగంలోకి, అంటే పూలు చుట్టిన కుండలోకి, పిలుస్తారు. పిలిచే హక్కు వీళ్ల ఇంటిది. ఆ పాటలో ఊరి పొలిమేరలన్నీ ఒక్కొక్కటిగా వస్తాయి. ఒక పొలిమేర పాడి, "వింటివా?" అని ఆగాలి. అప్పుడు ఎవరో ఒకరు "ఊఁ" అనాలి. ఆ ఊఁ పిలిచే ఇంటివాళ్లు అనకూడదు, ఆ ఊరివాళ్లూ అనకూడదు. పొరుగూరి మనిషే అనాలి. అమ్మవారు ఆ దిక్కు నుంచి వస్తుంది కాబట్టి, దారిలో ఉన్నవాళ్లు పిలుపు విన్నామని సాక్ష్యం చెప్పాలట. ఊఁ పడకపోతే తర్వాతి పొలిమేర ఎత్తుకోవడానికి లేదు.

కూతురికి ఆ పాట రాదు. నేర్చుకుంటాలే అని షిఫ్టుల మధ్య వాయిదా వేస్తూ వచ్చింది. కంపెనీ బస్సులో వింటూ నేర్చుకుంటుందని తండ్రి ఆ పెట్టెలోకి ఎక్కించి పెట్టాడు. పండగ దగ్గర పడింది. కర్మాంతరం అయిపోతే ఆ ఇంటివాళ్లు పిలవడానికి అడ్డు లేదు. పిలవలేకపోతే ఊరు వేరే మేళాన్ని పెట్టుకుంటుంది, హక్కు అటు పోతుంది. వాళ్ల వంశంలో అది ఇంతవరకు ఎవరి చేతా పోలేదు.

"మరి పాట ఉంది కదా తల్లీ, ఏం ఇబ్బంది?" అన్నాను.

"పాట ఉండాది. మధ్యలో ఎవరో పలుకుతా ఉండారమ్మా" అంది. గొంతు తగ్గించి మళ్లీ చెప్పింది. "నాయన వింటివా అని ఆపినాడు కదా, ఆ ఖాళీలో ఎవరో ఊఁ అంటా ఉండారు. సూతకం ఇల్లు. బయటి మనిషి గడప దాటి లోపలికి రాలేదు."

మాకు అది మామూలు ఫిర్యాదు. వైరు గొణుగుడో, స్టవ్వు చప్పుడో అయి ఉంటుంది. "ఒకసారి ప్లే చేసి ఫోన్ దగ్గర పెట్టండి" అన్నాడు మా అతను. ఆ పిల్ల పెట్టింది. లైను సరిగ్గా లేదు. "ఇంకోసారి వేయండి." వేసింది. "మళ్లీ." మాకు అలవాటే, జబ్బు దొరికే దాకా రోగిని దగ్గమంటూనే ఉంటాం. ముసలాయన గొంతు చాలా దూరం నుంచి వచ్చింది, ఊఁ అనేది మాత్రం ఫోన్లో తేలలేదు. లైటు ఏ రంగులో ఉందని నేను అడిగింది అన్నీ అయ్యాక.

"ఎర్రగా ఉండాదమ్మా. నాయన ఉన్నప్పటి నుంచి ఎర్రగానే ఉండాది."

జబ్బు దొరికింది. పొద్దునా సాయంత్రమూ ఫోటో ముందు అన్నం పళ్లెం పెట్టినప్పుడల్లా వాళ్లు ఆ పాట ఒకసారి వేస్తున్నారు. వేసిన ప్రతిసారీ ఇంట్లోని చప్పుళ్లు దాని మీద చేరుతున్నాయి, ఆయన ఒక పొర తగ్గుతున్నాడు. వింటున్న కొద్దీ చెరిగిపోతున్నాడు. ఇప్పుడు మేము కూడా ఒక చెయ్యి వేశాం.

"ఆ లైటు పచ్చగా మార్చేయండి" అన్నాడు మా అతను.

"వద్దన్నా. ఆ ఎర్ర దీపం ఆర్పితే నేను పోతానని నాయన చెప్పి పెట్టినాడు. ఫోటో కాడ నూనె దీపం ఎట్ల ఆరకూడదో, ఇదీ అట్లనే. కర్మాంతరం దాకా అమ్మ దాన్ని తాకనీదు."

"పోనీ పాట వేయడమైనా మానండమ్మా" అన్నాను.

"వేయకుంటే అమ్మ కూడు ముట్టదు."

కర్మాంతరం మరునాడే. పొద్దున్నే మా అతని పాత కారులో బయల్దేరాం. కృష్ణగిరి దాటి వేప్పనపల్లి దారి పట్టాక రెండు వైపులా మామిడితోటలే. అతను లాప్‌టాప్ తెచ్చాడు, నేను వైర్ల సంచి తెచ్చాను. పెట్టె నుంచి శబ్దం బయటికి వచ్చే తొర్రలో వైరు పెట్టి, పాట మోగుతుండగానే లాప్‌టాప్‌లోకి పట్టుకోవాలి. వేరే దారి లేదు. కొత్త కార్డు పెట్టాలంటే ఆ పెట్టెను ఆపాలి, ఆపితే పలక తుడిచినట్లే.

ఊళ్లో కరెంటు లేదు. ఆ రోజు లైన్ల మరమ్మతుకని పొద్దున్నుంచే తీసేశారట. పెట్టె ఇన్వర్టర్ మీద నడుస్తోంది. వరండాలో చుట్టాలు, చాపలు, అరిటాకుల కట్టలు. నేను గడప దగ్గర నిలబడి, "హోసూరు నుంచి వచ్చినామమ్మా, పెట్టె చూసేదానికి" అన్నాను.

లోపల గోడకు ఆనుకుని కూర్చున్న తల్లి గబుక్కున తల ఎత్తింది. నన్ను పైనుంచి కిందికి చూసింది.

"ఇంకొక్క మాట మాట్లాడమ్మా" అంది.

"ఏం మాట్లాడేది?" అన్నాను.

ఆమె చాప జరిపి నాకు చోటిచ్చింది. దుఃఖంలో ఉన్నవాళ్లు ఏవేవో అంటారు కదా అనుకుని నేను దాన్ని అక్కడే వదిలేశాను.

పెట్టె ఫోటో ముందు పీట మీద ఉంది. ఒక పక్క నూనె దీపం, ఇంకో పక్క ఆ ఎర్ర లైటు. పెట్టెకు కూడా పసుపు, కుంకుమ పెట్టి, పూలు చుట్టారు. నేను ఇన్నేళ్లలో బాగుచేసిన ఏ పరికరానికీ అంత మర్యాద జరగలేదు. మోకాళ్ల మీద కూర్చుని చూశాను. ఎర్ర లైటు వెలిగే మీట లోపలికి దిగబడి ఉంది. ఆయన బొటనవేలి దెబ్బకు అరిగి, ఇరుక్కుపోయింది. ఆ మోడల్లో అదే మీటను ఎక్కువసేపు నొక్కి పట్టుకుంటే మొత్తం తుడిచెయ్యమని అర్థం. ఇప్పుడు దాన్ని కదిలిస్తే పచ్చగా మారుతుందో, అంతా పోతుందో నేనూ చెప్పలేను. కాబట్టి తల్లి వద్దనడం మంచిదే అయింది. వెనకాల ఇన్వర్టర్ అప్పుడప్పుడూ కీచుమంటోంది. ఆ కూత నాకు తెలుసు, బ్యాటరీ చివరికొచ్చిందని దాని అర్థం.

"పళ్లెం పెట్టినప్పుడు ఒక్కసారి వేస్తాం. ఆ ఒక్కసారే. అప్పుడు మీరు ఏం పట్టుకోవాలనో పట్టుకోండి" అంది తల్లి.

ఊరిపెద్ద కూడా అక్కడే ఉన్నాడు. చెడ్డవాడు కాదు, మొహమాటంగానే చెప్పాడు. "వేరే ఊరి మేళానికి చెప్పి పెట్టినామమ్మా. పాప పిలిస్తే మాకు సంతోషం. పిలవకుంటే ఊరు ఆగదు కదా."

కూతురు ఒక మూల నిలబడి ఉంది. తండ్రి పంబను ఒళ్లో పెట్టుకోలేదు, పక్కన పెట్టుకుంది. దానికి దూరంగానూ లేదు, దాన్ని ముట్టుకోవడమూ లేదు. పెదవులు కదులుతున్నాయి, శబ్దం లేదు.

వైరు పెట్టాను. తొర్ర వదులైపోయి ఉంది, వేలు తీస్తే శబ్దం తెగుతోంది. టంకం పెట్టాలంటే పెట్టె విప్పాలి, విప్పాలంటే ఆపాలి. అందుకని వైరును రెండు వేళ్లతో నొక్కి పట్టుకుని, ఫోటో ముందు వంగి ఉండిపోయాను. ఇంకో చేత్తో మైకు మరను సున్నాకు తిప్పాను. ఇకమీదట ఈ పెట్టె కొత్తగా ఏదీ వినదు. మా అతను నా చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించాడు. అన్నం పళ్లెం పెట్టారు. కూతురు వచ్చి పాట మోగించే ప్యాడ్ నొక్కింది.

మీరు ఎప్పుడైనా హెడ్‌ఫోన్లలో ఒక ఇంటిని విన్నారా? నేను విన్నాను. ముందు పళ్లెం కింద పెట్టిన చప్పుడు, దాని వెనక ఇంకో పళ్లెం, దాని వెనక ఇంకొకటి, ఆ రోజులన్నీ ఒకే సమయంలో భోజనానికి కూర్చున్నాయి. తల్లి ఏడుపు నాలుగైదు చోట్ల నుంచి వస్తోంది, ఒక చోట పెద్దగా, ఒక చోట అలిసిపోయి. కోడి అరుపు. బస్సు హారను. ఎవరో చీపురుతో ఊడుస్తున్నారు. వీటన్నిటి అడుగున, నీళ్ల కింద నుంచి మాట్లాడుతున్నట్లు, ముసలాయన. "తూరుపు గుట్ట దిగి రా తల్లీ, చింతల వంక దాటి రా తల్లీ." ఆయన గొంతు ఉందో, ఉందని నేను అనుకుంటున్నానో తెలియనంత పల్చగా ఉంది.

"వింటివా?"

ఆ ఖాళీలో అన్ని చప్పుళ్లూ ఒక్కసారి తగ్గాయి. అప్పుడు, నా చెవికి చాలా దగ్గరగా, ఒకరు అన్నారు.

"ఊఁ."

ఆడగొంతు. పని చేసుకుంటూ ధ్యాస లేకుండా అన్నట్లుంది. వైరు మీద వేలు జారింది, శబ్దం టక్కున తెగింది, మళ్లీ నొక్కి పట్టుకున్నాను. రెండో పొలిమేర. "వింటివా?" "ఊఁ." మూడోది. నేను తల తిప్పి గదిలోని ఆడవాళ్లందరి మొహాలు చూశాను. ఎవరి నోరూ మెదలడం లేదు. తల్లి ఒక్కతే నా వైపు చూస్తోంది. వేలు తీసేసి బయటికి వెళ్లిపోవాలని నాకు నిజంగానే అనిపించింది. ఆ వేలు తీస్తే ఆ పిల్లకు ఏమీ మిగలదు కాబట్టి తీయలేదు.

పాట చివరి పొలిమేర దాటింది. చివరి ఊఁ పడింది. ఇన్వర్టర్ పొడుగ్గా కూసి ఊరుకుంది. ఎర్ర లైటు ఆరిపోయింది.

నూనె దీపం ఇంకా వెలుగుతోంది. తల్లి దాన్నీ దీన్నీ చూసింది. "ఈయనకి ఎప్పుడూ తొందరే" అంది. ఏడవలేదు. కాసేపటికి అయ్యవారు చెప్పినప్పుడు దీపాన్ని కూడా కొండెక్కించారు.

పాట లాప్‌టాప్‌లో భద్రంగానే పడింది. వరండాలో కూర్చుని కూతురికి హెడ్‌ఫోన్లు ఇచ్చాం. ఆమె కళ్లు మూసుకుని చివరిదాకా విని, హెడ్‌ఫోన్లు తీసి ఒళ్లో పెట్టుకుంది.

"నాయన లేడమ్మా దీంట్లో" అంది. "నేనే ఉండాను."

అది నిజం. పెట్టె ముందు కంగారులో నేను గమనించలేదు, మళ్లీ వింటే తెలిసింది. ఆయన గొంతు చుట్టూ, దాని అంచులు పట్టుకుని, ఈ పిల్ల గొంతు ఉంది. పళ్లెం పెట్టిన ప్రతిసారీ ఆమె తండ్రితో పాటు గొణుక్కుంటూ పాడింది. ఆయన ఒక పొర తగ్గితే ఆమె ఒక పొర పెరిగింది. మొదటి రోజుల్లో తడబడి, ఒక ముక్క వెనకబడి, తర్వాతి రోజుల్లో ఆయనతో సమంగా. మా అతను ఆయన గొంతును పైకి తేవాలని కంప్యూటర్లో చాలా తంటాలు పడ్డాడు. పైకి వచ్చింది బుసబుసే.

ఓదార్చడం నాకు చేతకాదు. "ఉన్నమాట చెప్తాను విను" అన్నాను. "ఆయన గొంతు ఇంక తేలదు. అయితే దీంట్లో పాట తప్పు పోలేదు. అది పాడింది నువ్వే కదా, నీకు రాదని ఎవరు చెప్పినారు?"

ఆమె నా మాట నమ్మలేదు. పాట నకలు ఫోన్లో వేయించుకుని, కళ్లు తుడుచుకుని లోపలికి వెళ్లిపోయింది. ఊఁ సంగతి ఎవరం ఎత్తలేదు.

హోసూరు వచ్చాక మా అతను కొట్టులో పెద్ద స్పీకర్ల మీద ఆ పాట వేశాడు. మొదటి ఊఁ దగ్గర ఆపాడు. మళ్లీ వేశాడు. నా వైపు చూడకుండా అన్నాడు.

"మేడం గారూ, ఇది మీ గొంతండి."

నాకు కోపం వచ్చింది, ఎందుకో తెలియదు. తర్వాత నవ్వొచ్చింది. ఫోన్ స్పీకర్లో ఉంది కదా. ఆ పిల్ల పాట మళ్లీ మళ్లీ వేస్తుంటే నేను బల్ల మీద ఏదో సర్దుకుంటూ ఊఁ కొట్టి ఉంటాను. ఆమె ఫోన్లోంచి నా ఊఁ ఆ ఇంట్లోకి పోయింది, మైకు పట్టుకుంది. తల్లి నా గొంతు గుర్తుపట్టింది కూడా అందుకే. ఇంత చిన్న సంగతి. మా అతను కూడా ఊపిరి పీల్చుకుని, టీ తెప్పించాడు. ఆ రోజు నేను హాయిగా పడుకున్నాను.

పండగకు ఆ పిల్ల మమ్మల్ని పిలిచింది. మామిడితోటలో బావి చుట్టూ ఊరంతా ఉంది. గాజుల వాళ్లు, ఐసు బండ్ల వాళ్లు దూరంగా రోడ్డు దగ్గరే ఉన్నారు. వేరే ఊరి మేళం వాళ్లు ఒక చెట్టు కింద పంబలు బిగించుకుని సిద్ధంగా నిలబడ్డారు. కూతురు పెట్టె తేలేదు. తండ్రి పంబను భుజానికి తగిలించుకుని బావి గట్టు దగ్గరికి నడిచింది.

మొదలుపెట్టింది. మొదటి మాట పీలగా వచ్చింది, రెండో మాటకు నిలబడింది. "తూరుపు గుట్ట దిగి రా తల్లీ, చింతల వంక దాటి రా తల్లీ." ముసలాయన ఎక్కడ ఊపిరి తీసుకునేవాడో అక్కడే తీసుకుంటోంది. నేను వేళ్లతో పట్టుకుని విన్న పాట కదా, నాకు తెలుసు. వెనకాల ఎవరో నిలబడ్డట్లు వెనక్కి తిరిగి చూసింది కూడా, అచ్చం కొట్టులో ఆయన చూసినట్లు.

"వింటివా?"

ఎవరూ పలకలేదు. ఊరివాళ్లు పలకకూడదు. చుట్టాలు ఆ ఇంటివాళ్లే కాబట్టి పలకకూడదు. ఉన్న పొరుగూరి వాళ్లు ఆ మేళం మనుషులే. వాళ్లు పలికితే ఈమె పిలుపు ఒప్పుకున్నట్లు, హక్కు వదులుకున్నట్లు. వాళ్లు నేల వైపు చూస్తున్నారు. ఊరిపెద్ద కండువా సర్దుకున్నాడు. ఆ పిల్ల చెయ్యి పంబ మీద ఉండిపోయింది. ఆ ఖాళీ నాకు తెలిసిన ఖాళీయే.

తల్లి నా పక్కనే ఉంది. నా వైపు తిరగలేదు, నన్ను ముట్టుకోలేదు. ఊరికే ఎదురుచూస్తోంది.

"ఊఁ" అన్నాను.

నేను కావాలని అన్నానో, అలవాటున వచ్చిందో ఇప్పటికీ చెప్పలేను. నా నోట్లోంచి వచ్చిన ఆ శబ్దం బయటి నుంచి నా చెవికి వినపడింది. అదే. అదే నిడివి, అదే ధ్యాస లేనితనం, చివర అదే చిన్న విరుపు. మా అతను నా చెయ్యి పట్టుకున్నాడు. కూతురు రెండో పొలిమేర ఎత్తుకుంది. ఆమె అడిగిన ప్రతిసారీ నేను పలికాను. చివరి పొలిమేర అయ్యాక కరగం లేచింది, మేళం వాళ్లు పంబలు సంచుల్లో పెట్టుకున్నారు. హక్కు ఆ ఇంట్లోనే ఉంది.

అన్నం తినేటప్పుడు తల్లి నా ఆకులో ఇంకాస్త పప్పు వడ్డించింది. నేను ఆమెకు ఫోన్ సంగతి, స్పీకర్ సంగతి, మైకు సంగతి విడమర్చి చెప్పాను. భయపడనవసరం లేదన్నాను. ఆమె మధ్యలో అడ్డు రాకుండా అంతా విన్నది.

"సరే అమ్మా" అంది. "కానీ ఆ పలుకు విన్న తర్వాతే కదా మా పాప మీకు ఫోన్ చేసింది."

నేను పప్పు కలుపుకుంటూ లెక్క వేసుకున్నాను. మొదట వాళ్లు విన్నది ఇన్వర్టర్ గొణుగుడై ఉంటుంది, దాని మీద తర్వాత నా గొంతు చేరి ఉంటుంది. అలాగే అయి ఉండాలి. చేతిలో పెట్టె ఉంటే పొరలు విప్పి చూపించేదాన్ని, కానీ ఆ పలక తుడిచిపోయింది. ఇదే మాట ఆమెతో అంటే తల ఊపి మజ్జిగ పోసింది.

బల్ల ఖాళీ చేసి ఇంట్లో కూర్చున్నాక నాకు చాలా అలవాట్లు పోయాయి. అది మాత్రం నేనే మానుకున్నాను. ఫోన్లో ఎవరు ఎంతసేపు మాట్లాడినా "అవును" అంటాను, "సరే" అంటాను, "చెప్పు" అంటాను. ఊఁ అనను. ఎవరి ఇంట్లో ఏ ఎర్ర లైటు వెలుగుతోందో మనకేం తెలుసు? ఏడాదికి ఒకసారి వేప్పనపల్లి బస్సు ఎక్కి ఆ బావి దగ్గరికి వెళ్తాను. ఆ పిల్ల సెలవు పెట్టి వస్తుంది, పొలిమేరలన్నీ పిలుస్తుంది. అప్పుడు అంటాను.